కాడ్రింగ్టన్ పేరు తీసేశారు, విగ్రహం ఉంచారు: మరి ఆయన భూముల సంగతేంటి?

పుస్తకప్రియ (చర్చ ప్రారంభం)

ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్ సోల్స్ అనే కాలేజీ ఉంది. డిగ్రీ విద్యార్థులు లేని, పరిశోధకులు మాత్రమే ఉండే కాలేజీ అది. దాని లైబ్రరీ సుమారు 200 అడుగుల పొడవున్న ఒకే ఒక్క హాలు. గోడల నిండా పుస్తకాలు, మధ్యలో పాలరాతి విగ్రహం. విగ్రహంలోని మనిషి రోమన్ల కాలపు దుస్తుల్లో ఉంటాడు. ఆయన రోమన్ కాదు, కరీబియన్ చెరకు తోటల యజమాని. పేరు క్రిస్టఫర్ కాడ్రింగ్టన్. 1668లో బార్బడోస్ దీవిలో పుట్టాడు, 1710లో అక్కడే చనిపోయాడు. మధ్యలో ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, ఇదే కాలేజీలో ఫెలోగా ఉన్నాడు, ఫ్రెంచివాళ్ల మీద యుద్ధం చేశాడు, తండ్రి తర్వాత లీవర్డ్ దీవులకు (ఆంటిగ్వా, బార్బుడా లాంటివి ఉన్న కరీబియన్ దీవుల గుంపు) గవర్నర్ అయ్యాడు. ఆస్తి అంతా చెరకు మీద వచ్చిందే. చెరకు నరికిందీ, పిండిందీ, పాకం పట్టిందీ ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చి అమ్మిన మనుషులు.

ఆయన వీలునామాలో కాలేజీకి 10,000 పౌండ్లు, తన పుస్తకాలు సుమారు 12,000 రాసిచ్చాడు. ఆ డబ్బుతోనే 1716లో లైబ్రరీ పని మొదలుపెట్టారు. అప్పటి నుంచి అది కాడ్రింగ్టన్ లైబ్రరీ. 2020 జూన్‌లో బ్రిస్టల్ జనం బానిస వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని లాగి రేవు నీళ్లలో పడేశాక, ఈ కాలేజీ మీద కూడా ఒత్తిడి పెరిగింది. చివరికి, ఇక మీదట లైబ్రరీకి ఆ పేరు వాడబోమని ప్రకటించారు. విగ్రహం మాత్రం కదల్లేదు. అంతకు ముందే ద్వారం దగ్గర ఆ తోటల్లో బానిసలుగా పనిచేసినవాళ్ల స్మృతిలో ఒక ఫలకం పెట్టారు. కరీబియన్ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు, బార్బడోస్‌లోని కాడ్రింగ్టన్ కాలేజీకి లక్ష పౌండ్లు ఇచ్చారు.

నా మాట సూటిగా చెబుతాను. పేరు తీసేసి విగ్రహం ఉంచడం రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే. ఆయన గౌరవానికి అర్హుడు కాదనుకుంటే హాలు నడిమధ్య ఆ పీఠం ఎందుకు? మీరంతా ఏమంటారు?

రాయలసీమ వకీలు

పుస్తకప్రియ గారూ, నేను పూర్తిగా ఎదురు పక్షం. నా దృష్టిలో పేరు తీసేయడమే తప్పు.

దానం తీసుకున్నారు, దాంతో భవనం కట్టుకున్నారు, మూడు వందల ఏళ్లు అందులో కూర్చుని చదువుకున్నారు. భవనం ఉంచుకుని, ఇచ్చినవాడి పేరు మాత్రం చెరిపేస్తారా? నిజంగా ఆ డబ్బు పాపపు సొమ్మే అనుకుంటే, వదిలించుకోవాల్సింది సొమ్మును. పేరు ఉన్నన్నాళ్లూ ఎవరో ఒకరు "ఎవరీ కాడ్రింగ్టన్?" అని అడుగుతారు, చెరకు తోటల దాకా వెళ్లి తెలుసుకుంటారు. పేరు పోతే ఇంకో ముప్పై ఏళ్లకు అదొక అందమైన పాత భవనం, అంతే. నష్టపోయేది ఎవరు? ఆ బానిసల జ్ఞాపకమే.

రెండో సంగతి. ఆ కాలపు తోట యజమానులందరినీ ఒకే గాటన కట్టకండి. ఎక్కువమంది సంపాదించింది ఇంగ్లండ్‌లో బంగళాలు కట్టుకోవడానికి, పార్లమెంటు సీట్లు కొనుక్కోవడానికి ఖర్చుపెట్టారు. ఈయన పెళ్లి చేసుకోలేదు. బార్బడోస్ తోటల్ని ఒక కాలేజీ కోసం రాసిచ్చాడు. అక్కడి ఆచార్యులు వైద్యం, శస్త్రచికిత్స కూడా నేర్చుకోవాలని, మనుషుల శరీరాలకు సేవ చేస్తూ ఆత్మలకు దగ్గర కావాలని షరతు పెట్టాడు. 18వ శతాబ్దం మొదట్లో ఒక చెరకు దొర నోట ఇలాంటి మాట రావడం చిన్న విషయమేం కాదు. ఆ కాలేజీ ఇవాళ్టికీ ఉంది, కరీబియన్ ఆంగ్లికన్ గురువుల్లో ఎందరో అక్కడ చదివినవాళ్లే.

నంద్యాల మాస్టారు

వకీలు గారూ, నమస్కారం. వీలునామాలో సగమే వినిపించారు. మిగతా సగం నేను చెబుతాను. అది మా ఊరిదాకా వచ్చే కథ.

ఆ వీలునామా రాసింది 1703 ఫిబ్రవరిలో, గ్వాడెలూప్ దీవి మీద దండయాత్రకు బయల్దేరే ముందు. బార్బడోస్‌లో సెయింట్ జాన్ అనే పారిష్, అంటే మన మండలం లాంటిది, ఉంది. అక్కడ సముద్రం వైపు దిగే వాలులో ఆయనకు రెండు తోటలు, కలిపి ఏడెనిమిది వందల ఎకరాలు. వాటిని ఎస్‌పీజీ అనే సంస్థకు రాశాడు. పూర్తి పేరు సొసైటీ ఫర్ ది ప్రాపగేషన్ ఆఫ్ ది గాస్పెల్. 1701లో లండన్‌లో మొదలైన ఆంగ్లికన్ మిషనరీ సంస్థ. నంద్యాలలో ఎస్‌పీజీ అంటే ఎవరైనా హైస్కూలు చూపిస్తారు. ఆ మూడక్షరాలు ఈ సంస్థవే. 19వ శతాబ్దంలో నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు వైపు చర్చిలు, బడులు పెట్టింది వీళ్లే. ఊరి బడి గడప తొక్కనివ్వని కులాల పిల్లలకు పలక పట్టించింది వీళ్లే. ఆ మేలు నేను మరిచిపోను. మరిచిపోను కాబట్టే రెండో పేజీ కూడా చదవాలంటున్నాను.

ఆ దానానికి ఉన్న షరతు ఇది: తోటలు ముక్కలు కాకుండా ఉన్నవి ఉన్నట్టే ఉండాలి, వాటి మీద ఎప్పుడూ కనీసం 300 మంది నల్లవాళ్లను ఉంచాలి. ఆ రాబడితో ఆచార్యుల్ని, విద్యార్థుల్ని పోషించాలి.

ఆ "ఎప్పుడూ" దగ్గర కాసేపు ఆగండి. మనిషి శాశ్వతం కాదు. ఒకరు చనిపోతే సంఖ్య తగ్గుతుంది. సంఖ్య తగ్గకూడదంటే ఇంకొకర్ని కొనాలి. అంటే బానిసల కొనుగోలు ఆ ధర్మానికి పక్కన అంటుకున్న మచ్చ కాదు, ఆ ధర్మం నడిచే పద్ధతే అది. మీరు మెచ్చుకున్న వైద్యం షరతు, ఈ 300 మంది షరతు ఒకే పత్రంలో ఉన్నాయి. మొదటిదాన్ని పట్టించుకున్న దాఖలా పెద్దగా కనబడదు. రెండోదాన్ని మాత్రం సంస్థ పట్టుకుని నడిచింది. చనిపోయినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను కొంటూ పోయింది. కొత్తగా వచ్చినవాళ్ల ఛాతీ మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో "సొసైటీ" అని వాత వేయించేవారు. సువార్త ప్రచారం చేసే సంస్థ పేరు, మనిషి చర్మం మీద. 1730ల మొదట్లో గానీ ఆ పని ఆపలేదు.

లండన్‌లో ఉన్న పెద్దలకు ఇది తెలియదనుకోకండి. 1711లోనే బిషప్ ఫ్లీట్‌వుడ్ ఈ సంస్థ వార్షిక సభలో ప్రసంగిస్తూ, అమెరికాలోని బానిసలందరి సంగతి ఎలా ఉన్నా మన తోటలోని వాళ్లనైనా క్రైస్తవుల్ని చెయ్యాలన్నాడు. విడుదల చెయ్యాలని అనలేదు. 1740 ప్రాంతానికి, కొని తెచ్చిన ప్రతి పదిమందిలో నలుగురు మూడేళ్లలోపే చనిపోతున్నారని చరిత్రకారులు లెక్క తేల్చారు. 1760లో కాంటర్బరీ ఆర్చిబిషప్ థామస్ సెకర్ ఒక ఉత్తరంలో, మన తోటల్లో నీగ్రోలు తగ్గిపోతూ ఎప్పటికప్పుడు కొత్తవాళ్లు అవసరం కావడం చూసి చాలాకాలంగా ఆశ్చర్యపోతున్నాను, బాధపడుతున్నాను అని రాశాడు. ఇది మానవత్వంలోనూ లోపమే, తెలివైన నిర్వహణలోనూ లోపమే అన్నాడు. ఆ వెంటనే, ప్రస్తుతానికి ఉన్నదాన్ని ఉన్నట్టు తీసుకోవాలి అని ముగించాడు. ఇంగ్లండ్ చర్చికి అధిపతి లాంటి మనిషి, చావుల లెక్క ఎదురుగా పెట్టుకుని, ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టాడు.

ఇక ఆ కాలేజీ తలుపులు తెరుచుకుంది 1745లో. లోపలికి వెళ్లింది తోట యజమానుల కొడుకులు. ఆ బానిసల పిల్లలు బయట చెరకు చేలో ఉన్నారు.

రాయలసీమ వకీలు

మాస్టారూ, వాత సంగతి చదివి మనసు బాధపడింది. దాన్ని సమర్థించను. కానీ అది కాడ్రింగ్టన్ చనిపోయాక సంస్థ మేనేజర్లు చేసిన పని. ఆయన లెక్క ఆయనకు, సంస్థ లెక్క సంస్థకు.

ఆయన ఎలాంటివాడో ఆయన ఉత్తరమే చెబుతుంది. 1701 క్రిస్మస్ రోజున ఆంటిగ్వాలో శామ్యూల్ మార్టిన్ అనే తోట యజమానిని అతని బానిసలే చంపేశారు. పండగ రోజు సెలవివ్వకుండా పనిలోకి దింపాడని కారణం. గవర్నర్ హోదాలో కాడ్రింగ్టన్ లండన్‌కు నివేదిక పంపాడు. ఇంకొకరైతే ఈ మూకను అణచాలి, సైన్యం పంపండి అని రాసేవాడు. ఈయన, మార్టిన్ ఏదో క్రూరంగా, అవమానకరంగా ప్రవర్తించి ఉంటాడని రాశాడు. ఆ తిరగబడ్డవాళ్లు కోరమంతీలు, అంటే ఇప్పటి ఘనా తీరం నుంచి తెచ్చినవాళ్లు. వాళ్లందరూ పుట్టుకతోనే వీరులని మెచ్చుకున్నాడు. కోరమంతీని బానిసలా కాక స్నేహితుడిలా చూడలేనివాడికి అలాంటివాణ్ణి ఉంచుకునే అర్హత లేదని తన తండ్రి అనేవాడని కూడా రాశాడు. ఆ కాలంలో అలా చూసినవాళ్లు ఎంతమంది? బానిసత్వమే తప్పని అప్పట్లో ఎవరన్నారు? 2020 కళ్లద్దాలతో 1703ని చూస్తే అందరూ నేరస్థులే.

పుస్తకప్రియ

"ఎవరన్నారు" అంటే పేర్లు, తేదీలు ఉన్నాయి. 1688లో, అంటే ఈ వీలునామాకు 15 ఏళ్ల ముందు, అమెరికాలో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్ క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖవాళ్లు) బానిసత్వం తప్పని రాసి సంతకాలు పెట్టారు. 1675లో, మళ్లీ 1692లో బార్బడోస్‌లోనే బానిసలు తిరుగుబాటుకు సిద్ధమయ్యారు. రెండుసార్లూ విషయం బయటపడి మరణశిక్షలు పడ్డాయి. మొదటిసారి కాడ్రింగ్టన్ బార్బడోస్‌లోనే ఏడేళ్ల పిల్లాడు. "ఆ కాలపు మనుషులు" అన్నప్పుడు మరణశిక్ష పడ్డ ఈ మనుషుల్ని ఎందుకు లెక్కలోకి తీసుకోం? వాళ్లూ ఆ కాలపు మనుషులే, వాళ్ల అభిప్రాయం చాలా స్పష్టంగా ఉంది.

ఇక ఆ ఉత్తరం. అది ఆయన పక్షాన పెట్టే సాక్ష్యం అనుకుంటున్నారు. నాకు తిరగేసి కనబడుతోంది. ఉత్తరం 1701 డిసెంబరు చివరిది. వీలునామా 1703 ఫిబ్రవరిది. మధ్యలో ఏడాది మీద కొంచెం. వీళ్లు వీరులు, వీళ్లను స్నేహితుల్లా చూడాలి అని చేత్తో రాసిన మనిషే, తన తదనంతరం కూడా 300 మంది ఎప్పుడూ ఉండాలని రాశాడు. తెలియక చేసినవాడికి కాలం అడ్డుపడుతుందేమో. తెలిసి చేసినవాడికి ఏది అడ్డుపడుతుంది?

దీవి నుంచి

అందరికీ నమస్కారం. నేను ఆంటిగ్వాలో మెడిసిన్ చదువుతున్నాను. ఇక్కడ మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. చర్చ అంతా ఆక్స్‌ఫర్డ్, బార్బడోస్ చుట్టూ తిరుగుతోంది. కాడ్రింగ్టన్ల భూముల్లో ముఖ్యమైనవి ఈ దేశంలో ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడి తోట పేరు బెటీస్ హోప్. 1674లో కాడ్రింగ్టన్ తండ్రి చేతికొచ్చింది, ఆ కుటుంబం దగ్గర 1944 దాకా ఉంది. మళ్లీ చదవండి, 1944. ఇప్పుడు అక్కడ రెండు రాతి గాలిమర గోపురాలు నిలబడి ఉన్నాయి. ఒకదానికి మళ్లీ రెక్కలు బిగించి బాగుచేశారు. లోపల గానుగ ఉంటుంది: నిలువుగా నిలబెట్టిన మూడు పెద్ద రోలర్లు. గాలి తిప్పుతుంటే మనిషి దగ్గరగా నిలబడి చెరకు గడలు వాటి మధ్యకు చేత్తో తోయాలి. గాలి ఆగమంటే ఆగదు. వేళ్లు చిక్కితే చెయ్యంతా లోపలికి పోతుంది. అందుకని కరీబియన్ చెరకు మిల్లుల్లో పక్కనే ఒక గొడ్డలి పెట్టుకునేవారు, చెయ్యి నరికి మనిషిని కాపాడటానికి. నేను ఆ రోలర్ల ముందు నిలబడి చూశాను. మనిషికీ ఇనుముకీ మధ్య జానెడు కూడా ఉండదు. పిండిన రసం పక్కనున్న బట్టీ ఇంట్లోకి వెళ్తుంది. పెద్ద రాగి కాగు నుంచి చిన్నదానికి గరిటెలతో మారుస్తూ మరిగిస్తారు. అనకాపల్లి వైపు బెల్లం వండటం చూసినవాళ్లకు ఆ సెగ తెలుసు. ఇక్కడ కోత కాలమంతా ఆ పొయ్యి రాత్రింబవళ్లు ఆరేది కాదు, కాగుల దగ్గర నిలబడ్డవాళ్లకు కూలి లేదు, ఇంటికి వెళ్లిపోయే హక్కు లేదు. ఆ పాలరాతి విగ్రహం గురించి మాట్లాడేటప్పుడు నాకు ఈ బట్టీ ఇల్లే గుర్తొస్తుంది.

ఇంకా పెద్దది బార్బుడా. ఆంటిగ్వాకు ఉత్తరాన ఉన్న చదునైన సున్నపురాయి దీవి. 1685లో ఇంగ్లండ్ రాజు దీవి మొత్తాన్ని కాడ్రింగ్టన్ సోదరులకు, అంటే మన కాడ్రింగ్టన్ తండ్రికీ బాబాయికీ, నామమాత్రపు కౌలుకు ఇచ్చాడు. ఆ కౌలు 1870 దాకా నడిచింది. నేల పల్చన, వాన తక్కువ, చెరకు పండదు. అందుకని పశువులు, గొర్రెలు, తిండిగింజలు, కలప ఇక్కడి నుంచి ఆంటిగ్వా తోటలకు పంపించేవారు. యజమానులు ఇంగ్లండ్‌లో, మేనేజర్లు కొద్దిమంది. దీవిని నిజంగా ఎరిగినవాళ్లు బానిసలే. వేట, చేపలు, చిన్న చిన్న పొలాలు వాళ్లవే. విడుదల తర్వాత కూడా భూమి ఒకరిది కాదు, అందరిదీ అన్నట్టే బతికారు. 2007లో ఆ ఆచారానికి చట్టం రూపం ఇచ్చారు: బార్బుడా భూమి బార్బుడా ప్రజల ఉమ్మడి ఆస్తి. దీవిలో ఉన్న ఒకే ఒక్క ఊరి పేరు మాత్రం ఇవాళ్టికీ కాడ్రింగ్టనే.

2017 సెప్టెంబరులో ఇర్మా తుఫాను వచ్చింది. ఇళ్లు దాదాపు అన్నీ దెబ్బతిన్నాయి, మొత్తం జనాన్ని పడవల్లో ఆంటిగ్వాకు తరలించారు. దీవి ఖాళీగా ఉన్నప్పుడే ప్రభుత్వం ఉమ్మడి హక్కు తీసేసి, పట్టాలిచ్చే పద్ధతి తెచ్చింది. కొత్త విమానాశ్రయం, రిసార్టులు వచ్చాయి. బార్బుడావాళ్లు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా, అంటే ఈ దేశానికి ఆఖరి అప్పీలు కోర్టు దాకా, వెళ్లారు. 2022లో భూమి కేసు ఓడిపోయారు. 2024లో విమానాశ్రయం అనుమతిని ప్రశ్నించే హక్కు వాళ్లకు ఉందని అదే కోర్టు చెప్పింది.

ఇక్కడి నుంచి చూస్తే, ఆక్స్‌ఫర్డ్ హాల్లో విగ్రహం ఉంటే ఎంత, పోతే ఎంత అనిపిస్తుంది. ఇక్కడ గొడవ నేల గురించి.

లెక్కల మనిషి

భూమి సంగతి వచ్చింది కాబట్టి ఒక్క లెక్క చెప్పి వెళ్తాను.

1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టం చేసింది. దానికి 2 కోట్ల పౌండ్లు పరిహారం కేటాయించింది. పరిహారం యజమానులకు. దానికోసం చేసిన అప్పు బ్రిటిష్ పన్ను చెల్లింపుదారులు 2015 దాకా తీరుస్తూ వచ్చారు. కాడ్రింగ్టన్ బార్బడోస్ తోటల తరఫున ఎస్‌పీజీకి వచ్చింది 8,823 పౌండ్లు, 411 మందికి. తలకు 21 పౌండ్ల పైచిలుకు. ఆ 411 మందికి వచ్చింది సున్నా. పైగా 1834 ఆగస్టు 1 నుంచి "అప్రెంటిస్" పేరుతో అదే తోటలో, అదే దొరల కింద, వారంలో ఎక్కువ భాగం జీతం లేని పని. 1838లో గానీ అది ముగియలేదు.

2006లో ఇంగ్లండ్ చర్చి సభ బానిసత్వంలో తన పాత్రకు క్షమాపణ చెప్పింది. క్షమాపణ 2006లో, పరిహారం 1830లలో, అదీ తప్పు చేసినవాళ్లకు.

రాయలసీమ వకీలు

ఈ లెక్క చూశాక పరిహారం వద్దని ఎవరూ అనలేరు, నేనూ అనను. కానీ ప్రశ్న అంత సులువు కాదు. ఎవరు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి? ఎస్‌పీజీ ఇప్పుడు యూఎస్‌పీజీ. కానుకల మీద నడిచే సంస్థ. ఇప్పటి దాతలు ఎవర్నీ బానిసగా ఉంచలేదు. తీసుకునేవాళ్లు ఎవరు? దీవి వదిలి లండన్, న్యూయార్క్ వెళ్లిపోయిన మునిమనవలా? బార్బడోస్ ప్రభుత్వమా? ఎక్కడో ఒక గీత గీయకపోతే ఇది ఎప్పటికీ తేలని వ్యాజ్యం అవుతుంది.

నంద్యాల మాస్టారు

గీత గీయడానికి వీలుంది వకీలు గారూ, భూమి దగ్గర మొదలుపెడితే.

బార్బడోస్ చిన్న దీవి. 1838 నాటికే సాగుకు పనికొచ్చే భూమంతా తోటల కింద ఉంది. విడుదలైన మనిషికి వెళ్లడానికి చోటు లేదు. గయానాలో అలా కాదు, అక్కడ విడుదలైనవాళ్లు డబ్బులు కూడేసి పాడుబడ్డ తోటలే కొని సొంత ఊళ్లు కట్టుకున్నారు. అందుకే గయానా, ట్రినిడాడ్ దొరలు కూలీల కోసం కలకత్తా, మద్రాసు రేవుల మీద పడ్డారు. మద్రాసు ఓడలెక్కినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. బార్బడోస్‌కు ఆ ఓడలు అక్కర్లేకపోయాయి, ఎందుకంటే నిన్నటి బానిసలే ఇవాళ తోట మూలన అద్దెకుండే కూలీలు. తోటలో పనిచేస్తేనే ఆ మూల జాగా. పని మానితే జాగా ఖాళీ చెయ్యాలి.

అక్కడి చెక్క ఇళ్లు చూస్తే ఈ చరిత్ర అర్థమవుతుంది. చాటెల్ హౌస్ అంటారు. పునాది ఉండదు. పగడపు రాళ్లు నాలుగు పేర్చి వాటి మీద చెక్క గది కూర్చోబెడతారు. దొర వెళ్లిపొమ్మంటే పలకలు విప్పి బండి మీద వేసుకుని ఇంకో తోటకు పోవాలి కాబట్టి అలా కట్టుకున్నారు. ఇల్లు తనది, కింద నేల తనది కాదు. 1980లో గానీ తోట భూముల్లో అద్దెకున్నవాళ్లకు ఆ జాగా కొనుక్కునే హక్కు చట్టంగా రాలేదు. అప్పుడు పెట్టిన ధర చదరపు అడుగుకు 10 సెంట్లు. రద్దుకీ ఆ చట్టానికీ మధ్య దాదాపు నూటయాభై ఏళ్లు.

"తోటలు ముక్కలు కాకూడదు" అని కాడ్రింగ్టన్ రాసిన మాట ఇక్కడ అసలు బరువు చూపిస్తుంది. 300 మంది షరతు 1834లో పోయింది. ముక్కలు కాని తోట మాత్రం మిగిలింది. దాని అంచున ఆ మనుషులూ మిగిలారు.

యూఎస్‌పీజీ గురించి అడిగారు. 2023 సెప్టెంబరులో ఆ సంస్థే ముందుకొచ్చింది. బార్బడోస్‌లో ఆ తోటల్ని చూసుకునే కాడ్రింగ్టన్ ట్రస్టుతో కలిసి పది పదిహేనేళ్లలో 70 లక్షల పౌండ్లు ఖర్చుపెడతామంది. ఆ ఊళ్ల బాగు, చరిత్ర పరిశోధన, బానిసల సమాధి స్థలాల గుర్తింపు, వంశవృక్షాలు వెతకడం అందులో ఉన్నాయి. ఇప్పటి దాతలు ఎవర్నీ బానిసగా ఉంచలేదన్న మాట నిజమే. కానీ సంస్థ ఆస్తిని వారసత్వంగా తీసుకున్నప్పుడు అప్పును కూడా తీసుకుంటుంది. వకీలుగా ఇది నాకంటే మీకే బాగా తెలుసు. ఎవరికి అంటారా? మొదట ఆ రెండు తోటల నేల మీద, ఆ చుట్టుపక్కల ఇప్పటికీ బతుకుతున్నవాళ్లకు. లండన్ మునిమనవల సంగతి ఆ తర్వాత.

కొత్త పాఠకుడు

మాస్టారూ, ఒక్క ప్రశ్న. అంటే మన నంద్యాల బడులు కూడా ఆ బానిసల సొమ్ముతో కట్టినవేనా? నేను ఎస్‌పీజీలోనే చదివాను. చదువుతుంటే మనసు అదోలా అయిపోయింది.

నంద్యాల మాస్టారు

నాయనా, మన దగ్గర బడులు మొదలయ్యే సరికి ఆ తోటల్లో బానిసత్వం పోయింది. నీ బడి ఇటుకల్ని పట్టుకుని నువ్వు బాధపడక్కర్లేదు. నేను చెప్పేది ఇంకొకటి. నీకు అక్షరాలు నేర్పిన సంస్థే ఒకప్పుడు ఇంకొకరి ఛాతీ మీద అక్షరాలు కాల్చింది. నీ తాతలను ఊరు బయట ఉంచితే లోపలికి పిలిచిన సంస్థ, ఇంకో సముద్రం అవతల మనుషుల్ని ఆస్తి పద్దులో రాసుకుంది. ఆ 411 మంది గురించి మాట్లాడటానికి నంద్యాలలో చదువుకున్నవాడికి మిగతావాళ్లకంటే ఎక్కువ కారణమే ఉంది. మన చర్చిల్లో ఎస్‌పీజీ వ్యవస్థాపకుల గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలి. మన మందిరాల్లో నేను ఎప్పుడూ వినలేదు.

దీవి నుంచి

పేర్ల గురించి ఒక మాట. 1817 నుంచి బార్బడోస్‌లో మూడేళ్లకోసారి బానిసల రిజిస్టరు తయారుచేసేవారు. పేరు, వయసు, ఆడా మగా, ఏ పని చేస్తారు, ఎక్కడ పుట్టారు అన్నీ రాయాలి. కాబట్టి ఆ తోటల మనుషులు పేరు లేనివాళ్లు కాదు. ఆక్స్‌ఫర్డ్ ఫలకం మీద మాత్రం వాళ్లందరూ కలిపి ఒక వాక్యం. దానం ఇచ్చినవాడికి నిలువెత్తు విగ్రహం, దానం సంపాదించినవాళ్లకు ఒక వాక్యం. ఈ తూకం నాకు అస్సలు మింగుడు పడటం లేదు.

పుస్తకప్రియ

ఈ రిజిస్టర్ల సంగతితో నా వాదన ఇంకా గట్టిపడింది. విగ్రహాన్ని ఆ హాలు మధ్య నుంచి తీసి, చరిత్ర చెప్పే మ్యూజియం గదిలో పెట్టండి. ఆ ఖాళీ అయిన చోట ఆ రిజిస్టరులోని పేర్లు రాతి మీద చెక్కండి. చదువుకోవడానికి వచ్చినవాడు తలెత్తితే కనబడాల్సింది అవి. డబ్బులేని కాలేజీ కాదు అది.

రాయలసీమ వకీలు

విగ్రహం మీద మన ఇద్దరికీ కుదరదు, పుస్తకప్రియ గారూ. అది అక్కడే ఉండాలి, లైబ్రరీకి పాత పేరూ ఉండాలి అనే నా మాట మారలేదు. పీఠం మీద ఆ "ఎప్పుడూ 300 మంది" వాక్యం పెద్ద అక్షరాల్లో చెక్కి, ఎదురుగా మీరన్న పేర్లు పెట్టమంటాను. ఇచ్చినవాడూ, ఇచ్చిన షరతూ, ఆ షరతు మోసినవాళ్లూ ఒకేచోట కనబడాలి.

భూమి విషయంలో మాత్రం మాస్టారి వాదన కోర్టులోనూ నిలబడుతుందనుకుంటున్నాను. దాత ఇష్టం పవిత్రమైనది, వీలునామా మార్చకూడదు అని ట్రస్టులవాళ్లు ఎక్కడైనా చెప్పే మాటే. ఈ కేసులో ఆ మాట నడవదు. ఇదే వీలునామాలోని 300 మంది షరతును 1834లో చట్టం రద్దు చేసింది. ట్రస్టు కూలిపోలేదు, కాలేజీ మూతపడలేదు. మనుషుల్ని విడిపించడానికి ఒక షరతును పక్కన పెట్టగలిగినప్పుడు, అదే వాక్యంలో దాని పక్కనే ఉన్న "తోట ముక్కలు కాకూడదు" అన్నదాన్ని పట్టుకుని వేలాడాల్సిన పనిలేదు. ఆ 70 లక్షల పౌండ్లలో మొదటి ఖర్చు సర్వేయర్లకు, రిజిస్ట్రేషన్లకు పెట్టాలి. ఇంటికింత నేల అని కొలిచి, అక్కడ ఉంటున్నవాళ్ల పేరున పట్టా రాసివ్వాలి. సమాధుల పని, పరిశోధన పని దాని వెనకాల నడవొచ్చు.